నులక వదులైందా, పట్టె అరిగిందా? ముఖం బిగించే రెండు యంత్రాల సంగతి

మా వదినె రెండు కరపత్రాలు తెచ్చి నా ముందర పెట్టింది. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర బస్సు దిగంగనే ఎవరో చేతిలో పెట్టారట. ఒకదాని మీద 'హైఫు' అని, ఇంకోదాని మీద 'ఆర్ఎఫ్' అని పెద్ద అక్షరాలు. కింద మాత్రం రెండింటిలో ఒకటే మాట: కత్తి లేదు, కుట్లు లేవు, పదేళ్లు చిన్నగా కనిపిస్తారు. మాఘంలో బిడ్డ పెళ్లి పెట్టుకుంది. వదినెకు 49 ఏళ్లు.

"గీ రెండిట్ల ఏది మంచిదే పిల్లా? కాలేజీల ఫిజిక్స్ చెప్తవ్ గద, నాగ్గూడ జర చెప్పు" అన్నది.

నేను డాక్టర్ని కాదు. కానీ ఆ యంత్రాల్లో ఒకటి పనిచేసేది శబ్దంతో, ఇంకొకటి కరెంటుతో. రెండూ నేను రోజూ బోర్డు మీద రాసే పాఠాలే. అందుకని కూర్చుని చదివాను. తెలిసిన చర్మ వైద్యురాలి దగ్గరికి వదినెను వెంటబెట్టుకుని పోయి, నా అనుమానాలన్నీ అడిగాను. చివరికి తేలింది ఏమిటంటే, 'ఏది మంచిది' అనేది రెండో ప్రశ్న. 'నా ముఖంలో వదులైంది ఏది' అనేది మొదటిది. దానికి జవాబు దొరక్కుండానే డబ్బు కడితే మంచి యంత్రం కూడా చెడుపు చేస్తుంది.

మంచం లెక్క

మిర్యాలగూడ దగ్గర మా ఊరి ఇంట్లో ఇప్పటికీ నులక మంచం ఉంది. వాడగా వాడగా నులక సాగి, పడుకుంటే నడుము నేలకు తగిలేది. అప్పుడు మా నాయన కాళ్ల వైపు తాడు విప్పి, ఒక్కొక్క వరసా లాక్కుంటూ మళ్లీ బిగించేవాడు. అయితే నులక ఎంత లాగినా బాగుపడని మంచాలు కూడా ఉంటాయి. పట్టె చెదలు పట్టి సన్నబడితే, కోడు అరిగి ఒక పక్కకు ఒరిగితే, తాడు చేసేదేమీ ఉండదు.

ముఖానిదీ అదే లెక్క. అన్నిటికంటే పైన కాగితమంత పలుచని పొర. దాని కింద డెర్మిస్ అనే లోచర్మం. ముఖం మీద చాలాచోట్ల దాని మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే. నులక అల్లిక లాంటి కొల్లాజెన్ పోగులు, సాగి మళ్లీ వెనక్కి వచ్చే ఎలాస్టిన్ పోగులు ఉండేది అక్కడే. ఆ కింద కొవ్వు. కొవ్వుకు అడుగున, ముఖ కండరాలను అంటుకుని ఒక గట్టి పీచుపొర ఉంటుంది. 1976లో మిట్జ్, పెరోనీ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యులు దాని స్వరూపాన్ని వివరించారు. డాక్టర్లు దాన్ని 'స్మాస్' అంటారు. ఫేస్‌లిఫ్ట్ ఆపరేషన్‌లో సర్జన్ పైచర్మంతో పాటు ఈ పొరను కూడా పట్టి బిగిస్తాడు. మంచానికి కాళ్ల వైపు తాడు ఎట్లాంటిదో ముఖానికి ఇది అట్లాంటిది. అన్నిటికీ అడుగున పట్టెలు, కోళ్ల లాగా ఎముక.

వయసు వీటన్నిటినీ మారుస్తుంది, కానీ అందరిలో ఒకే వరసలో మార్చదు. ఇరవైలు దాటినప్పటి నుంచి కొల్లాజెన్ ఏటా దాదాపు 1 శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది. ఆడవాళ్లకు ముట్లుడిగాక ఆ తగ్గుదల ఒక్కసారిగా ఊపందుకుంటుంది. మొదటి ఐదేళ్లలోనే చర్మంలోని కొల్లాజెన్‌లో సుమారు 30 శాతం పోతుందని వైద్యులు చెప్తారు. 'నిన్నమొన్నటి దాకా బాగానే ఉన్న, రెండేండ్లల్ల ముఖం జారిపోయింది' అని యాభై దాటిన ఆడవాళ్లు అనుకోవడం ఉత్త భ్రమ కాదు. కొందరికి బుగ్గల్లో కొవ్వు కరిగి ముఖం గుంటలు పడుతుంది. దవడ పళ్లు పోయి, కట్టుడు పళ్లు పెట్టించుకోకుండా ఏళ్లు గడిపినవాళ్లకు దవడ ఎముకే అరిగి, పైనున్న చర్మానికి ఆధారం తగ్గిపోతుంది.

ఇక మన దగ్గర ఎండ సంగతి వేరే చెప్పాలి. వదినె జాకెట్టు చేతిని పైకి మడిచి, లోపలి చర్మాన్నీ మోచేతి కింది చర్మాన్నీ పక్కపక్కన చూడమన్నాను. పైన నున్నగా, బిగువుగా, లేతగా ఉంది. మోచేతి కింద ముదురు రంగు, సన్నని గీతలు, గిల్లి వదిలితే వెంటనే సర్దుకోని మడత. రెండూ ఒకే మనిషి చర్మం, రెండింటికీ ఒకటే వయసు. పెళ్లయిన కొత్తలో సాగర్ ఎడమ కాలువ కింద పదిహేనేళ్లు నాట్లకు, కలుపులకు పోయింది వదినె. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మంలో కొల్లాజెన్‌ను కొరికే ఎంజైములను రేపుతాయి. పాలమూరు నుంచి డ్యాముల పనికి, రోడ్ల పనికి వలసపోయి వచ్చిన తల్లుల ముఖాలు నలభైకే అరవై లాగా కనిపించడంలో ఈ ఎండ పాలు చాలా ఉంది. అది వాళ్ల ఒంటి తప్పు కాదు, వాళ్లు చేసిన కష్టం.

పాయా గిన్నెలో ఉన్న రహస్యం

శబ్దమైనా కరెంటైనా, రెండు యంత్రాలూ చివరికి చేసేది ఒక్కటే: చర్మం లోపల వేడి పుట్టించడం. వేడి ఎందుకో మన వంటింటికి బాగా తెలుసు. మేక తలకాయను మంట మీద కాల్చినప్పుడు తోలు ముడుచుకుని ఎట్లా బిగిసిపోతుందో చూసే ఉంటారు. కొల్లాజెన్ పోగు మూడు పాయల జడ లాంటిది. సుమారు 60 నుంచి 65 డిగ్రీల దగ్గర ఆ జడలోని కట్లు కొన్ని విడిపోయి, పోగు పొట్టిగా, లావుగా కుంచించుకుంటుంది. ఇంకా ఉడికిస్తే పూర్తిగా కరిగి జిగురవుతుంది. రాత్రి మిగిలిన పాయా పొద్దునకు జెల్లీలా గడ్డకట్టేది ఆ జిగురు వల్లే. (పాయా తాగితే ఆ కొల్లాజెన్ పోయి ముఖానికి అంటుకోదు. కడుపులో పడ్డాక అదీ మిగతా మాంసకృత్తుల్లాగే ముక్కలై అరిగిపోతుంది.)

అయితే అక్కడికక్కడ కుంచించుకోవడం వల్ల వచ్చేది కొంతే. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. చిన్న చిన్న వేడి దెబ్బలు తగిలిన చోట ఒళ్లు దాన్ని గాయంగా గుర్తుపట్టి, ఫైబ్రోబ్లాస్ట్ అనే కణాలను పనికి దింపుతుంది. అవి కొత్త కొల్లాజెన్ పోగులు అల్లుతాయి. ఆ అల్లికకు రెండు మూడు నెలలు పడుతుంది, కొందరిలో ఆరు నెలల దాకా సాగుతుంది. కాబట్టి యంత్రం చేసేది దెబ్బ కొట్టడం మాత్రమే, బిగించేది మన ఒళ్లు. షుగర్ అదుపులో లేని మనిషికి, బీడీ, సిగరెట్ మానని మనిషికి, రక్తం తక్కువై నీరసించిన మనిషికి ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా ఫలితం అంతంత మాత్రంగా ఉండేది ఇందుకే.

మరి ఆ వేడిని ఎంత లోతులో, ఎంత మేర పుట్టిస్తారు? రెండు దారులు విడిపోయేది సరిగ్గా ఇక్కడ.

భూతద్దం, ఎండుటాకు

వదినెకు చూపించడానికి కాలేజీ ల్యాబ్ నుంచి భూతద్దం తెచ్చాను. వాకిట్లో ఎండుటాకు పెట్టి అద్దాన్ని పైకీ కిందికీ జరిపితే, ఒక ఎత్తు దగ్గర వెలుగంతా చుక్కలా కుదురుకుని ఆకు పొగలేచింది. అదే వెలుగు అద్దానికీ ఆకుకూ మధ్యలో చెయ్యి అడ్డం పెడితే కాలదు, కాస్త వెచ్చగా తగులుతుంది. చుక్క దగ్గర మాత్రమే కాలుతుంది.

హైఫు అంటే ఇదే పని శబ్దంతో చేయడం. మన చెవికి వినపడనంత హెచ్చు కంపనాలున్న శబ్దాన్ని (దాన్నే అల్ట్రాసౌండ్ అంటారు) ఒక వంపు తిరిగిన పరికరం లోపలికి పంపి, చర్మం కింద నిర్ణయించిన లోతులో చుక్కగా కుదురుస్తుంది. ఆ చుక్కలో క్షణంలో 60 నుంచి 70 డిగ్రీల వేడి పుడుతుంది. చుక్క పరిమాణం ఒక ఘన మిల్లీమీటరు లోపే. పైచర్మం మీద ఏమీ కనపడదు. అట్లాంటి చుక్కలను వరసగా పేర్చి ఒక గీత, గీత పక్కన గీత, ముఖమంతా కలిపి కొన్ని వందల గీతలు కొడతారు.

లోతును నిర్ణయించేది కంపనాల సంఖ్య, పరికరం వంపు. 10 మెగాహెర్ట్జ్ (అంటే సెకనుకు కోటి కంపనాల) పరికరం 1.5 మిల్లీమీటర్ల దగ్గర, 7 మెగాహెర్ట్జ్‌ది 3 మిల్లీమీటర్ల దగ్గర, 4 మెగాహెర్ట్జ్‌ది 4.5 మిల్లీమీటర్ల దగ్గర చుక్క పెడుతుంది. మొదటిది డెర్మిస్, చివరిది దాదాపు స్మాస్ పొర. కంపనాలు తగ్గేకొద్దీ లోతు ఎందుకు పెరుగుతుందో పక్క ఊళ్లో బోనాల ఊరేగింపు వచ్చినప్పుడు గమనించండి. దూరానికి డప్పు మోత వినిపిస్తుంది, సన్నాయి వినిపించదు. సన్నని శబ్దం దారిలోనే ఇంకిపోతుంది, లావుపాటిది దూరం పోతుంది. కండలోనూ అంతే.

పనికి ముందు ముఖానికి జెల్ పూసేది కూడా ఊరికే కాదు. కడుపుతో ఉన్నప్పుడు స్కానింగ్‌లో పూసే జెల్ లాంటిదే ఇది. గాలి పొర అడ్డమైతే శబ్దం లోపలికి పోకుండా తిరగబడుతుంది. జెల్ ఎండిపోయినా, పరికరం ఒక అంచు లేచినా శక్తి పైచర్మం దగ్గరే చిక్కుకుని వాతలు తేలుతాయి. మా గల్లీలో బట్టలు కుట్టే ఒక చెల్లెకు ఇదే జరిగింది. ఒక పార్లర్‌లో తక్కువ ధరకు చేయించుకుని వచ్చిన మూడో రోజుకు రెండు చెంపల మీద నిచ్చెన మెట్లలా గోధుమరంగు చారలు తేలాయి. జెల్ ఒక్కసారే పూశారని, మంట పుడుతోందంటే 'అట్లనే ఉంటది' అన్నారని చెప్పింది. సర్కారు దవాఖానలో చర్మం డాక్టరుకు చూపించాక ఆ చారలు మాయడానికి ఐదారు నెలలు పట్టింది. ఆ ఐదారు నెలలూ ఆమె కొంగు ముఖం మీది నుంచి తీయలేదు.

కరెంటు దారి వేరు

ఆర్ఎఫ్ అంటే రేడియో ఫ్రీక్వెన్సీ. పేరులో రేడియో ఉన్నా ఇక్కడ వినేది ఏమీ లేదు, పనంతా కరెంటుదే. మన ఇంటి కరెంటు సెకనుకు 100 సార్లు దిక్కు మారుతుంది, తగిలితే కండరాలు పట్టేసి షాక్ కొడుతుంది. ఆ దిక్కుమార్పు సెకనుకు లక్షల సార్లకు చేరితే కండరాలకు అది అందదు. ఒంట్లోంచి కరెంటు పోతున్నా షాక్ ఉండదు, వేడి మాత్రమే పుడుతుంది. ఫ్రాన్స్‌లో దార్సోన్వాల్ అనే శాస్త్రవేత్త 1890లలోనే దీన్ని చూపించాడు. 1926లో బోవీ తయారుచేసిన యంత్రంతో అమెరికా సర్జన్ హార్వే కుషింగ్ మెదడు ఆపరేషన్లలో రక్తం ఆపింది ఈ కరెంటుతోనే. మోకాళ్ల నొప్పికి ఫిజియోథెరపీలో 'కరెంటు వేడి' పెట్టించుకున్నవాళ్లకు దీని చుట్టరికం ఇప్పటికే తెలుసు.

వేడి ఎట్లా పుడుతుందంటే, కరెంటు పోయే దారి దాన్ని అడ్డుకుంటుంది కాబట్టి. హీటర్‌లో తీగ ఎర్రబడేదీ అందుకే. తేడా ఏమిటంటే, ఇక్కడ వేడెక్కేది పైన పెట్టిన పరికరం కాదు, చర్మమే. పైచర్మం కాలకుండా కొన్ని యంత్రాలు చల్లని వాయువు చిమ్ముతూ పోతాయి, కొన్ని పై వేడిని 40, 42 డిగ్రీల దగ్గర ఆపి ఉంచుతాయి.

కాలేజీ పిల్లలకు నేను తప్పకుండా చెప్పేది ఇంకొకటుంది. హైఫులోనూ మెగాహెర్ట్జే, ఆర్ఎఫ్‌లోనూ మెగాహెర్ట్జే. పేరున్న ఒక ఆర్ఎఫ్ యంత్రం 6.78 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. 7 మెగాహెర్ట్జ్ హైఫుకు దాదాపు సమానం. మరి దీన్నీ చుక్కలా కుదర్చవచ్చు కదా? కుదర్చలేం. కండలో శబ్దం సెకనుకు సుమారు 1,540 మీటర్లు పోతుంది, కాబట్టి 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్క అల పొడవు మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా ఉండదు. అంత చిన్న అలను చిన్న చుక్కలో పట్టవచ్చు. 6.78 మెగాహెర్ట్జ్ రేడియో అల పొడవు గాలిలో 44 మీటర్లు. ఒంట్లో అది తగ్గినా మీటర్లలోనే ఉంటుంది. మీటర్ల పొడవున్న అలను మిల్లీమీటరు చుక్కలో పట్టే భూతద్దం లేదు. అందుకే హైఫు సూది పొడిచినట్టు అక్కడొకటి ఇక్కడొకటి లోతుగా తగులుతుంది. ఆర్ఎఫ్ ఇస్త్రీ పెట్టినట్టు ఒక మేరంతా పరుచుకుని వెచ్చబెడుతుంది.

ఆర్ఎఫ్‌లో రకాలున్నాయి, కరపత్రాలు వాటిని విడదీసి చెప్పవు. ఒకే ధ్రువం ఉన్న మోనోపోలార్‌లో వీపుకో తొడకో ఒక పట్టీ అంటించి, ముఖం నుంచి అక్కడి దాకా కరెంటు దారి వేస్తారు. వేడి డెర్మిస్ అంతటా, ఆ కింది కొవ్వులోని పీచుగోడల దాకా దిగుతుంది. ఎక్కువగా ఒక్కసారి చేస్తారు. రెండు ధ్రువాలూ చేతి పరికరంలోనే ఉంటే అది బైపోలార్. రెండు ధ్రువాల మధ్య దూరంలో దాదాపు సగం లోతుకే కరెంటు దిగుతుంది. నొప్పి తక్కువ, ఫలితమూ నెమ్మది, కాబట్టి ఆరేసి సిట్టింగులు అంటారు. మూడోది సూదులతో కలిపి చేసేది: సన్నని సూదులు చర్మంలోకి దింపి వాటి మొనల దగ్గర కరెంటు వదులుతారు. మొటిమల గుంటలకు, మచ్చలకు మన డాక్టర్లు దీన్ని ఎక్కువగా వాడుతున్నారు. చర్మాన్ని పొడిచేది కాబట్టి దీని జాగ్రత్తలు వేరు. కాలిన గాయాలు, మచ్చలు, కొవ్వు కరిగిపోవడం, నరాలు దెబ్బతినడం జరిగినట్టు ఫిర్యాదులు వచ్చాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025 అక్టోబరులో ఈ సూది ఆర్ఎఫ్ మీద ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. ఇది ఇంట్లో చేసుకునేది కాదు, పార్లర్‌లో చేయించుకునేది కాదు.

సన్నబియ్యపు గింజంత

వదినె అసలు ప్రశ్నకు వస్తాను. ఎంత లేస్తుంది?

అమెరికాలో కళ్ల చుట్టూ ముడతలకు మోనోపోలార్ ఆర్ఎఫ్‌కు 2002లో అనుమతి వచ్చింది. కనుబొమ్మ లేపడానికి హైఫు తరహా యంత్రానికి 2009లో, మెడకూ గదుమ కిందికీ 2012లో అనుమతి వచ్చింది. 2010లో అచ్చయిన ఒక అధ్యయనంలో 35 మందికి అల్ట్రాసౌండ్ చేసి 90 రోజుల తర్వాత కొలిస్తే, 30 మందిలో కనుబొమ్మ చెప్పుకోదగ్గంత లేచింది. సగటున ఎంత అంటే 1.7 మిల్లీమీటర్లు. ఆర్ఎఫ్ మీద 2003లో వచ్చిన అధ్యయనంలో 86 మందికి చేస్తే, ఆరు నెలలకు 61.5 శాతం కనుబొమ్మలు కనీసం అర మిల్లీమీటరు పైకి జరిగాయి. అందులోనే 5,858 సార్లు పరికరం పెడితే 21 చోట్ల బొబ్బలెక్కే కాలుడు గాయాలయ్యాయి.

1.7 మిల్లీమీటర్లంటే మన మిర్యాలగూడ సన్నబియ్యపు గింజ అడ్డంగా ఉన్నంత. గింజ తెచ్చి వదినె కనుబొమ్మ మీద పెట్టి చూపించాను. "గింతేనా?" అన్నది. ఇంతే. అది దండగ అని నేను అనను. కళ్లు, కనుబొమ్మలు ఉన్న చోట గింజంత తేడా కూడా అలసట తగ్గినట్టు చూపిస్తుంది. కానీ పదేళ్ల వయసు పోదు. మెడ కింద సంచిలా వేలాడే చర్మం ఈ రెండింటితో పైకి రాదు. అంత వదులైతే కత్తి తప్ప దారి లేదు, ఆ మాట ముందే చెప్పే డాక్టర్ మంచి డాక్టర్. వచ్చిన ఫలితం కూడా ఏడాది, మహా అయితే ఏడాదిన్నర నిలుస్తుంది. ఎందుకంటే వయసు ఆగదు, ఎండా ఆగదు.

ఎవరికి ఏది

చర్మ వైద్యురాలు వదినె ముఖాన్ని చూసిన తీరు నాకు బాగా గుర్తుండిపోయింది. యంత్రం మాటే ఎత్తలేదు. ముందు గదుమ కింద రెండు వేళ్లతో చిటికెడు చర్మం పట్టి చూశారు, వేళ్ల మధ్య ఎంత మందం వస్తుందో. తర్వాత బుగ్గ, తర్వాత దవడ అంచు. నోరు తెరిపించి పళ్లు లెక్కపెట్టారు. అద్దం చేతికిచ్చి వెల్లకిలా పడుకోమన్నారు. పడుకుంటే ముఖం వెనక్కి సర్దుకుని బిగువుగా కనిపిస్తే జారుడు ఎక్కువని, అట్లా కాక బుగ్గలు గుంటలుగానే ఉంటే లోపల నిండుదనమే పోయిందని చెప్పారు. వదినె బుగ్గలు గుంటలుగానే ఉన్నాయి.

నిండు ముఖం, దవడ గీత కాస్త కరిగి గదుమ కింద చర్మం మొదటిసారి వదులవుతున్న నలభైల మనిషికి హైఫు బాగా పనికొస్తుంది. లోతైన తాడు బిగించాల్సిన మంచం అది. చర్మం పలుచబడి సన్నగీతలు పడ్డవాళ్లకు, బుగ్గల్లో కొవ్వు ఇప్పటికే తక్కువున్నవాళ్లకు జాగ్రత్తగా చేసిన ఆర్ఎఫ్ మేలు. సన్నని ముఖం మీద 4.5 మిల్లీమీటర్ల చుక్కలు ఎడాపెడా కొడితే ఉన్న కాస్త కొవ్వూ కరిగి ముఖం ఇంకా పీక్కుపోతుంది. మన దిక్కు కష్టం చేసిన ఆడవాళ్లలో బక్క ముఖాలే ఎక్కువ. అందరికీ ఒకటే ప్యాకేజీ అమ్మే పద్ధతి వాళ్లకే ఎక్కువ నష్టం చేస్తుంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఆర్ఎఫ్ అయినా ఎక్కువ శక్తితో ఒకేచోట నిలిపితే కొవ్వు కరిగి గుంట పడుతుంది. తొలి రోజుల్లో ఒక్కసారే గట్టిగా కొట్టే పద్ధతి వల్ల అట్లాంటివి జరిగాయి, తర్వాత తక్కువ శక్తితో పదేపదే పోనిచ్చే పద్ధతికి మారారు. ఇక ఎముక అరిగినవాళ్లకు, పళ్లు పోయినవాళ్లకు ముందు పళ్ల డాక్టరు కావాలి.

మన చామనఛాయ, నలుపు రంగు చర్మానికి ఒక ఊరట ఉంది. లేజర్ వెలుగును చర్మంలోని నల్లరంగు పీల్చుకుంటుంది, అందుకే లేజర్‌తో మనకు మచ్చలు పడే భయం ఎక్కువ. శబ్దం, కరెంటు రంగును పట్టించుకోవు. ఆ విషయంలో రెండూ మనకు అనువైనవే. కానీ చెయ్యి తప్పి కాలిందంటే మాత్రం తెల్ల చర్మం కంటే మన చర్మం మీద నల్లమచ్చ గట్టిగా పడుతుంది, నెలల తరబడి నిలుస్తుంది. మా గల్లీ చెల్లె చారలు అవే.

నొప్పి గురించి దాచడం తప్పు. హైఫు దవడ ఎముక మీద, నుదుటి మీద వచ్చినప్పుడు జివ్వుమని లోపలికి దిగుతుంది, ఎముక శబ్దాన్ని పట్టుకుంటుంది కాబట్టి. పైన పూసే మొద్దుబారే మందు అంత లోతుకు సరిగా అందదు. సిమెంటు పెట్టించుకున్న పళ్లు జిల్లుమంటే చిగురుకూ బుగ్గకూ మధ్య దూది పెట్టించుకోవచ్చు. ఆర్ఎఫ్‌లో నొప్పి వేడి రూపంలో ఉంటుంది. రెండింటిలోనూ 'కాలుతోంది' అని నోరు తెరిచి చెప్పాలి, చెప్పగానే ఆపాలి. ఆ మాటే మన చర్మానికి కాపలా. తర్వాత కొన్నాళ్లు వాపు, కమిలిన మచ్చ, తిమ్మిరి ఉండవచ్చు. అరుదుగా దవడ నరం వాచి నవ్వినప్పుడు మూతి ఒక పక్కకు పోతుంది. చాలావరకు వారాల్లో సర్దుకుంటుంది.

గుండెకు పేస్‌మేకర్ ఉంటే ఆర్ఎఫ్ వద్దే వద్దు. గర్భిణులకు రెండూ వద్దు. ముఖం మీద మానని పుండ్లు, చీము మొటిమలు ఉన్నా, గాయాలు కండగడ్డల్లా ఉబ్బే తత్వం ఉన్నా, రక్తం పలుచబడే మాత్రలు వేసుకుంటున్నా ముందే చెప్పాలి. కంటిరెప్పల మీద నేరుగా అల్ట్రాసౌండ్ పెట్టనివ్వొద్దు, కంటి కటకం దెబ్బతిన్న సంఘటనలు వైద్య పత్రికల్లో వచ్చాయి. మోనోపోలార్ ఆర్ఎఫ్‌కు ఒంటి మీద లోహం ఉండొద్దు. కమ్మలు, ముక్కుపుడక, పుస్తెలతాడు తీయాల్సి వస్తుంది. వదినె ఆ మాటకు గట్టిగా ఆగింది. పుస్తెలతాడు తీయడం ఇష్టం లేనివాళ్లకు బల్ల మీద పడుకున్నాక కాకుండా ఇంటి దగ్గరే ఆ సంగతి తెలియాలి.

యంత్రాల సంగతికొస్తే, చేస్తున్నప్పుడే లోపలి పొరలను తెర మీద చూపించే అల్ట్రాసౌండ్ యంత్రాలు కొన్నే. 'హైఫు' పేరుతో అమ్ముడుపోయే చాలా యంత్రాలకు ఆ తెర లేదు. తెర లేకపోతే పరికరం పట్టిన చేతికి ముఖం లోతులు తెలిసి ఉండటమే దిక్కు. పరికరం కొసకు తొడిగే కార్ట్రిడ్జ్‌కు కూడా ఆయుష్షు ఉంటుంది, ఇన్ని గీతలని. కొత్తదా, ఎన్ని గీతలు మిగిలాయి అని అడగడానికి మొహమాటపడొద్దు. డాక్టర్ పేరు పక్కన చర్మవ్యాధుల ఎండీ, డీడీవీఎల్ లాంటి చదువు ఉందా, తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉందా చూడాలి. పరికరం పట్టేది ఆ డాక్టరేనా, పక్కనున్న పిల్లనా అనేది కూడా. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో సర్కారు మెడికల్ కాలేజీలున్నాయి. ఈ యంత్రం కోసం కాకపోయినా, మన చర్మం తీరు తెలుసుకోవడానికి ముందు అక్కడి చర్మ విభాగంలో చూపించుకోవచ్చు.

ధర అడిగేటప్పుడు ఒక్కసారికి ఎంత అని కాదు, మొత్తం ఎన్నిసార్లు, ఎన్ని నెలలు అని అడగాలి. ఒకసారి చేసే హైఫు ఖరీదుగా, ఆరుసార్లు చేసే ఆర్ఎఫ్ చవగ్గా కనిపించి, చివరికి లెక్క తారుమారు కావచ్చు. నల్లగొండ నుంచి హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. ఆరు సిట్టింగులంటే ఆరు రోజుల కూలి, ఆరు సార్ల ప్రయాణం. ఇక ముహూర్తం. పెళ్లికి వారం ముందు చేయించుకుంటే పెళ్లిలో వాపు కనిపిస్తుంది తప్ప ఫలితం కనిపించదు. మాఘం పెళ్లికి దసరా దగ్గరే చేయించుకోవాలి, మూడున్నర నెలలు ఒంటికి ఇవ్వాలి. ఆ తర్వాత ఎండలో పోయేటప్పుడు గొడుగు, సన్‌స్క్రీన్ లేకపోతే పెట్టిన డబ్బు ఎండపాలే.

ఆ సాయంత్రం వదినె మళ్లీ ఆ రెండు కరపత్రాలు తీసింది. హైఫు కాగితాన్ని మడిచి పక్కన పెట్టింది. రెండోదాని మీదున్న నంబరుకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి నా వైపు చూసింది.

"అమ్మా, మీ కాడ ఆర్ఎఫ్ అంటే ఒక ధ్రువందా, రెండు ధ్రువాలదా? డాక్టరమ్మనే పెడ్తదా? పుస్తెలతాడు తియ్యాల్నా?"

అటు పక్క ఉన్న పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఉండండి మేడం, డాక్టర్‌ను అడిగి చెప్తా" అన్నది. వదినె ఫోన్ ఒళ్లో పెట్టుకుని, రెండు వేళ్లతో తన గదుమ కింద చర్మాన్ని పట్టి చూసుకుంటూ కూర్చుంది.